నైటింగేల్ మరణాల పట్టికలు

1854 నవంబర్‌లో 38 మంది నర్సులను వెంటబెట్టుకుని ఫ్లోరెన్స్ నైటింగేల్ స్కుటారీ చేరింది. ఇప్పటి ఇస్తాంబుల్‌లో ఉన్న ఆ బ్రిటిష్ సైనిక ఆస్పత్రిలో మంచాలు చాలవు, గుడ్డలు చాలవు, కింద మురుగుకాల్వలు పూడిపోయి ఉన్నాయి. ఎంతమంది చనిపోతున్నారన్న లెక్క కూడా ఎవరి దగ్గరా సరిగా లేదు. మరణాలను వేర్వేరు రిజిస్టర్లలో రాసేవారు. ఒకదాని మొత్తం మరొకదానితో కలిసేది కాదు.

మన పాఠ్యపుస్తకాల్లో ఆమె చేతిలో ఎప్పుడూ లాంతరే ఉంటుంది. నిజానికి 90 ఏళ్ల జీవితంలో ఆ యుద్ధసేవ రెండేళ్లు కూడా లేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అనారోగ్యంతో గది దాటకుండా ఆమె చేసిన పనిలో పెద్ద భాగం లెక్కలు అడగడమే.

1820లో సంపన్న ఆంగ్ల కుటుంబం ఇటలీలో ఉండగా పుట్టింది. తండ్రి ఇంట్లోనే చదువు చెప్పాడు. అంకెల మీద మక్కువ చిన్నప్పటిదే. నర్సు పని పరువు తక్కువని ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు.

స్కుటారీలో 1855 ఫిబ్రవరి నాటికి మరణాల రేటు నూటికి 42 దాటింది. మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చి, కాల్వలు బాగుచేయించి, వార్డుల్లో గాలి ఆడే ఏర్పాటు చేయించింది. జూన్‌కల్లా ఆ రేటు 2 దగ్గరికి దిగింది. సరైన తిండి లేక, చావుబతుకుల్లో ఉండగా చేర్చడం వల్ల సైనికులు పోతున్నారని అక్కడున్నంతకాలం ఆమె ఎక్కువగా నమ్మింది. ఇంగ్లండ్ తిరిగొచ్చాక గణాంకాల నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి లెక్కలు తిరగేసింది. అప్పుడు వేలు ఆస్పత్రి భవనం వైపే చూపించింది. తాను రాత్రింబవళ్లు కష్టపడ్డ చోటే రోగుల ప్రాణం తీసిందన్నమాట. ఆ లెక్కను ఆమె దాచలేదు. 1858లో రంగుల చక్రంలా పటం గీయించి అధికారుల ముందు పెట్టింది. నీలం నివారించదగ్గ జబ్బుల మరణాలు, ఎరుపు గాయాల మరణాలు. చూసినవారికి కనిపించేది దాదాపు నీలమే.

ఆ రోజుల్లో ఒక్కో ఆస్పత్రిది ఒక్కో లెక్క. జబ్బుల పేర్లు కూడా ఒకటి కావు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఆమె ఒకే నమూనా ఫారాలు ప్రతిపాదించింది. ఏడాది మొదట్లో ఎందరున్నారు, ఎందరు చేరారు, ఎందరికి నయమైంది, ఎందరికి కాలేదు, ఎందరు పోయారు, సగటున ఎన్నాళ్లు ఉన్నారు. మహాసభ ఒప్పుకుంది. కొన్ని ఆస్పత్రులు నింపడం మొదలుపెట్టి, ఫారం చాంతాడంత ఉందని, ఖర్చని కొన్నాళ్లకు వదిలేశాయి. రోగిని చూసే వేళలో కంప్యూటర్ ముందు కూర్చోవాల్సి వచ్చే నర్సులకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

అసలు గొడవ 1863లో వచ్చింది. ఆస్పత్రుల మీద రాసిన పుస్తకం కొత్త కూర్పులో, ఫార్ ఇచ్చిన అంకెలతో, లండన్‌లోని 24 ఆస్పత్రుల్లో మరణాల రేటు నూటికి 90 అని అచ్చువేసింది. డాక్టర్లు మండిపడ్డారు. ఏడాది మొత్తం మరణాలను ఒకే ఒక్క రోజు ఆస్పత్రిలో ఉన్న రోగుల సంఖ్యతో భాగించి తీసిన రేటది. వంద మంది ఉండే ఆస్పత్రిలో ఏడాదికి వెయ్యి మంది చేరి, 90 మంది పోయారనుకుందాం. ఆ పద్ధతిలో రేటు 90. చేరినవారితో భాగిస్తే 9. పైగా నగరంలోని పెద్దాస్పత్రులకు వచ్చేవి ముదిరిన కేసులు, పల్లె ఆస్పత్రులతో వాటిని ఎలా పోలుస్తారని అడిగారు. విమర్శ న్యాయమైనదే. చిన్న ఆస్పత్రి ఆఖరి గంటలో పంపేసిన రోగి చనిపోతే ఆ మరణం ఎవరి ఖాతాలో పడాలన్న చిక్కు 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలయ్యాకా మన దగ్గర తీరిపోలేదు. యంత్రం లెక్క వేగంగా వేస్తుంది, దేంతో భాగించాలో మాత్రం మనుషులే తేల్చాలి.

ఆ దెబ్బ తర్వాతా ఆమె లెక్క మానలేదు. తన పేరిట వచ్చిన విరాళాలతో కింగ్స్ కాలేజ్ ఆస్పత్రిలో మంత్రసానుల శిక్షణ కోసం ప్రసూతి వార్డు నడిపించింది. బాలింత జ్వరంతో తల్లులు పోతుంటే కాన్పులను, మరణాలను లెక్క కట్టారు. వెయ్యికి 33 దాకా తేలింది. ఇళ్లలో జరిగే కాన్పుల్లో అంతకంటే ఎంతో తక్కువ. 1867లో వార్డు మూసేశారు. తర్వాత ఇతర ప్రసూతి ఆస్పత్రుల అంకెలూ పోగుచేసి 1871లో పుస్తకం వేసింది.

భారతదేశంలో ఆమె ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినా ఇక్కడి బ్రిటిష్ సైన్యం ఆరోగ్యంపై 1859లో వేసిన రాయల్ కమిషన్ కోసం కంటోన్మెంట్లన్నిటికీ ప్రశ్నల ఫారాలు వెళ్లాయంటే ఆమె చలవే. నీళ్లెక్కడివి, మురుగు ఎటు పోతుంది, బారకాసులో మనిషికెంత చోటు? ఏటా వెయ్యికి 69 మంది సైనికులు పోతున్నారని, అందులో యుద్ధంలో పోయేది కొద్దిమందేనని 1863 నివేదిక తేల్చింది. పదేళ్లకు ఆ రేటు 18కి తగ్గిందని ఆమే రాసింది. సైనికుల నుంచి ఆమె దృష్టి క్రమంగా ఇక్కడి రైతుల మీదికి, కరువుల మీదికి మళ్లింది. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిచాయి.

1891లో, 70 దాటిన వయసులో, ఆక్స్‌ఫర్డ్‌లో గణాంకాల వినియోగాన్ని బోధించే పీఠం పెట్టించాలని ఫ్రాన్సిస్ గాల్టన్‌కు రాసింది. ప్రభుత్వాల దగ్గర అంకెలు గుట్టలుగా పడి ఉన్నాయని, వాటిని చదవడం పాలకులకు రాదని ఆమె బాధ. గాల్టన్‌తో ఆ మాటలు కొన్నాళ్లు సాగి ఆగిపోయాయి. 1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసేనాటికి ఆ పీఠం ఏర్పడలేదు.