డీనో ఇంజన్ గీసిన ముసలాయన

ఫెర్రారీ అనగానే మన హాస్టల్లో అందరికీ ఎర్ర కారు గుర్తొస్తుంది. నాకు మాత్రం విట్టోరియో యానో గుర్తొస్తాడు.

1891లో పుట్టాడు. ఫియట్‌లో ఉన్నవాణ్ణి 1923లో ఆల్ఫా రోమియోకి లాక్కొచ్చినవాడు ఎంజో ఫెర్రారీయే. 1925 ప్రపంచ ఛాంపియన్‌షిప్ యానో గీసిన పి2 కారుదే. తర్వాత లాన్సియా. 1955లో ఆ కంపెనీ రేసులు మానుకుని కార్లన్నీ ఫెర్రారీకి అప్పగించింది. వాటితోపాటే యానో కూడా వచ్చాడు, అరవై నాలుగేళ్ల వయసులో!

ఫెర్రారీ కొడుకు డీనో అప్పటికే మంచం పట్టాడు. ఆ మంచం పక్కనే కొత్త వి6 ఇంజన్ గురించి మాటలు నడిచాయి. వి6కి రెండు వరసల మధ్య 60 డిగ్రీలని మనం పరీక్షలో రాస్తాం. యానో 65 పెట్టాడు. మధ్యలో కార్బ్యురెటర్లకి చోటు కావాలి కదా! మరి ఫైరింగ్ సమంగా ఎలా వస్తుంది? జంట క్రాంక్‌పిన్నుల్ని 55 డిగ్రీల ఎడంగా పెట్టాడు. రెండూ కలిపితే 120. కాగితం మీద వేసి చూడండి, ముచ్చటేస్తుంది.

ఇంజన్ తిరగకముందే, 1956 జూన్‌లో, డీనో పోయాడు. వయసు 24. ఇంజన్‌కి ఆ కుర్రాడి పేరే పెట్టారు. తండ్రి దుఃఖం, తప్పనలేం. 1958లో హాథార్న్ ఆ ఇంజన్‌తోనే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

యానోకీ పుత్రశోకం తప్పలేదు. 1965లో టురిన్‌లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. 1967లో అదే ఊళ్లో, మోటార్ షోలో, డీనో 206 జిటి నిలబెట్టారు. కారు ముందు డీనో పేరుంది. యానో పేరు ఎక్కడా లేదు. లోపల ఇంజన్ మాత్రం 65 డిగ్రీలే.