సురవరము ప్రతాపరెడ్డిగారు

శంషాబాదు మీదుగా కర్నూలునకు బోవు బాట మన విద్యార్థులెరిగినదే. ఆ దిక్కుననే, అలంపురసీమలో, శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామమగు ఇటికాలపాడు గలదు. వారు 1896లో జన్మించి, న్యాయశాస్త్రము చదివి, 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. అప్పుడు రాజభాష ఉర్దూ. తెలుగునకు ఆదరణ తక్కువ. తెలంగాణమున కవులే లేరను నింద వినబడగా, వారు ఊరూరి పద్యములు సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి.

1952లో వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు ఎన్నుకొనిరి. రెండేండ్లయినను నిండకమునుపే, 1953 ఆగస్టు 25న, వారు కాలధర్మము నొందిరి. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. పదవి స్వల్పకాలము, కృషి చిరకాలము. నిందకు పనియే తగిన యుత్తరమని మన బాలబాలికలు గ్రహింతురుగాక యని కోరుచున్నాము.