చిత్రలిపిని చదివిన షాంపోలియన్

అడ్డముగను నిలువుగను గళ్లను పూరించు పదముల చిక్కులయందు మన విద్యార్థులలో అనేకులకు మక్కువ కలదు. ఒక పదమున దొరకిన యక్షరము దానిని ఖండించు మఱియొక పదమునకు దారి చూపును. ఇట్టి యుపాయముతోనే, 1400 ఏండ్లకు పైగా ఎవ్వరును చదువజాలకుండిన లిపిని చదివిన యొక పండితుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జాన్ ఫ్రాంస్వా షాంపోలియన్ 1790 సం. డిశంబరు 23 వ తేదీని ఫ్రాన్సు దేశమునందలి ఫిజాక్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. పండ్రెండేండ్లు పెద్దవాడైన యన్న జాక్ జోసెఫ్ ఇతనిని గ్రెనోబుల్ నగరమునకు రప్పించుకొని చదివించెను. ఆ యన్న లేకున్న ఈ తమ్ముని పేరు మనము వినియుండమని మా తలంపు. బాలుడు గ్రీకు, లాటిను, హీబ్రూ, అరబ్బీ భాషలు నేర్చి, కోప్తు భాషయందు విశేష పరిశ్రమ చేసెను. ఐగుప్తు క్రైస్తవుల యారాధనలో నిలిచియున్న యీ భాష ప్రాచీన ఐగుప్తు భాషకు శేషము. ఇతడు 18 వ యేటనే గ్రెనోబుల్‌లో చరిత్రోపాధ్యాయుడయ్యెను గాని, నెపోలియన్ పక్షము వహించినందున 1816 లో అన్నదమ్ములిరువురును ఫిజాక్‌నకు వెడలగొట్టబడిరి.

అంతకుముందు 1799 లో ఫ్రెంచి సైనికులు రొసెట్టా యొద్ద కోట బాగుచేయుచు ఒక నల్లని రాతిని కనుగొనిరి. క్రీ. పూ. 196 నాటి యొకే శాసనము దానిపై పైని చిత్రలిపిలోను, నడుమ వాడుకలిపిలోను, దిగువ గ్రీకులోను చెక్కబడియున్నది. గ్రీకు తెలిసినవారికి తక్కినది సులభమే గదా యని చదువరులు తలంపవచ్చును. ఆ బొమ్మలు శబ్దములకు గుర్తులు కావనియు, గూఢభావములకు సంకేతములనియు పండితులు నమ్మియుండుటయే పెద్ద యాటంకమయ్యెను. 1821 లో షాంపోలియన్ సయిత మట్లే వ్రాసెను. ఇంగ్లండునందు థామస్ యంగ్ అను వైద్యుడు 1819 నాటికే టాలెమీ రాజు పేరున కొన్ని యక్షరములను గుర్తించియుండెను. ఆయన భాగమును మఱచుట న్యాయము గాదు.

1822 లో ఫైలీ ద్వీపపు రాతిస్తంభముపై నున్న లేఖనమునకు ప్రతి షాంపోలియన్ చేతికి వచ్చెను. రాజుల పేర్ల చుట్టును కోడిగ్రుడ్డు వంటి గీత యుండును. ఇందట్టి గీతలో క్లియోపాత్రా రాణి పేరుండెను. టాలెమీ పేరు ఐగుప్తు లిపిలో ప్తొల్మిస్ అని యుండును. అందు మొదటిదగు చదరము, మూడవదగు త్రాటిముడి, నాల్గవదగు సింహము క్రమముగా ప, ఒ, ల లైనచో, క్లియోపాత్రా పేరున సింహము రెండవచోటను, ముడి నాల్గవచోటను, చదరము అయిదవచోటను ఉండవలెను. అట్లే యుండెను! రాబందు బొమ్మయు అకారమునకు తగిన రెండు తావులందును కనబడెను. తకారమొక్కటి మాత్రము కలియలేదు. ఒక పేరున అర్ధచంద్రమువంటి గుర్తు, రెండవదానియందు చేయి. ఒకే శబ్దమునకు రెండు గుర్తులుండవచ్చునని యతడు గ్రహించెను. ర, ఱ లతో నిత్యము పెనగులాడు మన బాలురకు ఇది వింత గాదు.

అయినను ఇవి గ్రీకు పేర్లు. అన్యదేశీయుల పేర్లకు మాత్రమే శబ్దముల గుర్తులు వాడిరేమో యను సందేహము మిగిలెను. ఆ సెప్టెంబరులో మఱియొక ప్రాచీనాలయపు లేఖనమున సూర్యబింబము, ఎఱుగని గుర్తొకటి, తుదను రెండు సకారములు గల పేరు కనబడెను. కోప్తులో సూర్యుడు రే. పేరు రామెసేసు! వంకరముక్కు పక్షి గల వేఱొక పేరు, ఆ పక్షి తోత్ దేవతకు చిహ్నమగుటచే, థూత్‌మోసిస్ అయ్యెను. ఇతడు అన్న కచేరికి పరుగెత్తిపోయి మూర్ఛిల్లెనని చెప్పుదురు. కొన్ని గుర్తులు శబ్దమును, కొన్ని యర్థమును తెలుపునని 1824 లో గ్రంథమునందు విశదపఱచెను.

1828-29 లో ఐగుప్తునకు పోయి ఆలయముల గోడలను స్వయముగా చదివెను. 1831 లో పారిస్‌నందు ఆచార్యపదవి లభించెను గాని, మరుసటి యేడు మార్చి 4 వ తేదీని, 41 వ యేట మరణించెను. అతడు వ్రాసియుంచిన వ్యాకరణమును అన్న జాక్ జోసెఫ్ 1836 లో అచ్చువేయింప నారంభించి, పిదప నిఘంటువునుగూడ వెలువరించెను.