వెండి నాణెం మీది పల్లె మేయర్

1968లో పశ్చిమ జర్మనీ ఒక ఐదు మార్కుల స్మారక నాణెం విడుదల చేసింది. దాని బరువు 11.2 గ్రాములు, అందులో వెండి 7 గ్రాములు. దాని మీద ఉన్నది రాజూ కాదు, సేనానీ కాదు. పల్లెల్లో మేయర్‌గా పనిచేసిన ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్. అది ఆయన 150వ జయంతి సంవత్సరం.

రైఫైజెన్ 1818 మార్చి 30న సీగ్ నదీతీరంలోని హామ్‌లో పుట్టారు. సైన్యంలో చేరినా కంటిజబ్బు వల్ల మానుకోవాల్సి వచ్చింది. 1845లో వైయర్‌బుష్ మేయర్ అయ్యారు. మరుసటి ఏడాదే పంటలు పోయి కరవు వచ్చింది. ప్రభుత్వం పంపిన ధాన్యాన్ని నగదుకే అమ్మాలని ఆదేశం. చేతిలో చిల్లిగవ్వ లేనివారికి దానివల్ల ఏం లాభం? ఆయన ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి అప్పుగా పంచారు. కలిగినవారి నుంచి డబ్బు పోగుచేసి ఉమ్మడి రొట్టెల బట్టీ పెట్టించారు.

తర్వాత ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో, హెడ్డెస్‌డార్ఫ్‌లో సహాయ సంఘాలు నడిపారు. రైతులు పశువులు కొనుక్కోవడానికి ధనికులు పూచీ ఉండేవారు. కొన్నాళ్లకు వాళ్ల ఉత్సాహం చల్లారింది. దాతల దయ మీద నడిచే సంఘం నిలవదని ఆయనకు అర్థమైంది.

1864లో పద్ధతి మార్చారు. అప్పు కావాలంటే సంఘంలో సభ్యుడు కావాలి. సంఘం చేసే అప్పులకు సభ్యులందరూ తమ ఆస్తులతో సహా పూచీ. పరిధి చిన్నది కాబట్టి ఎవరు తీర్చగలరో పొరుగువారికి తెలుసు. చూపు మందగించి మరుసటి ఏడాది ఉద్యోగం వదిలినా, కూతురు అమాలీ సాయంతో రాతకోతలు సాగించారు. 1888 మార్చి 11న కన్నుమూశారు.

అప్పటికి మన కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడి రైతుల రుణబాధకు మార్గం వెతికిన ఫ్రెడరిక్ నికల్సన్, 1895, 1897 నివేదికల్లో రైఫైజెన్ తరహా సంఘాలనే సూచించారు. 1904 సహకార పరపతి సంఘాల చట్టం గ్రామీణ సంఘాలకు అదే అపరిమిత పూచీని పెట్టింది. నేటి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల మూలం అక్కడే ఉంది.

మార్కు చెలామణి ఆగిపోయింది. సంఘాలు మిగిలాయి. అయితే చాలాచోట్ల రైతుకు అవి పైనుంచి వచ్చే రుణం పంచే కార్యాలయాలే. పొరుగువాడి అప్పుకు తానూ బాధ్యుడినన్న రైఫైజెన్ నియమం మాత్రం వాటిలో కనిపించదు.