ఫిడేలు నాయుడుగారు

ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరులో జన్మించి విశాఖపట్నంలో పెరిగారు. బాల్యం నుంచే చూపు మందం. బడిలో పక్క బాలుని పలక చూసి రాసుకుంటూ ఉపాధ్యాయునికి పట్టుబడ్డారనీ, అంతటితో చదువు ముగిసిందనీ చెబుతారు. మనం కాపీ కొట్టాడని దండించే పిల్లవానికి నల్లబల్ల కనిపిస్తున్నదో లేదో ఎన్నడైనా విచారించామా?

బడి మానిన తమ్మునికి అన్న వేంకటకృష్ణయ్యగారు ఫిడేలు నేర్పారు. చూపు లేకున్నా ఖురాను సమస్తం కంఠస్థం చేసిన హాఫిజులను ఎరిగిన మనకు, చెవి ఎంతటి గురువో వేరుగా చెప్పనక్కరలేదు.

1919లో విజయనగర ప్రభువు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల స్థాపించారు. ఆస్థానానికి చెందిన చాగంటి జోగారావుగారి అంధ కుమారుడు గంగరాజుకు సంగీతం నేర్పించాలన్న తలంపే దానికి మూలం. ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారి వాద్యం విని ఆచార్యునిగానే నియమించారు! 1936లో ఆయనే అధ్యక్షులైనారు.

ఆ రోజులలో ఫిడేలు పక్కవాద్యం. గాయకుని వెంట నడవడమే దాని ధర్మం. సాహిత్యం పలకని వాద్యం ఒంటరిగా సభను నిలుపగలదా? 1938లో వెల్లూరులో నాయుడుగారు ఒంటరి కచేరీ చేశారు. కమానును దీర్ఘంగా నడిపి, తీగపై కంఠస్వరపు నిండుదనం పలికించడం ఆయన విద్య. శ్రోతలు వశులైనారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

1964లో కన్నుమూసిన ఆయన జీవితంలో, బిరుదులకన్నా 1952నాటి ఢిల్లీ కచేరీయే నాకు మిన్నగా తోస్తుంది. అది అంధుల సహాయనిధి కోసం చేసినది.