మాటయే ప్రమాణము: విలియమ్ పెన్ జీవితము

పఠన భాగములు: మత్తయి 5:33-37, ప్రకటన 3:7-13



పొలము గట్టు దగ్గర గాని, పంచాయతిలో గాని మన పల్లెలలో ఎన్ని ఒట్లు వినబడుచున్నవి! బిడ్డ మీద ఒట్టు, తల్లి మీద ఒట్టు, బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టు. ఒట్లు పెరిగినకొలది మాటకు విలువ తగ్గుచున్నది. కొండమీది ప్రసంగములో మన ప్రభువు ఒట్టు పెట్టుకొనవద్దని ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞను ఉన్నదున్నట్లు నమ్మి, ఆ నమ్మికతో ఒక రాష్ట్రమునే స్థాపించిన భక్తుని జీవితమును ఈ నెల ధ్యానింతము.

విలియమ్ పెన్ 1644 అక్టోబరు 14వ తేదీన లండను పట్టణములో జన్మించెను. తండ్రి ఇంగ్లాండు నౌకాదళములో గొప్ప అధికారి. కుమారుడు రాజసభలో పేరు పొందవలెనని ఆయన ఆశ. పెన్ ఆక్స్‌ఫర్డులో చదువుచు, ప్రభుత్వము విధించిన ఆరాధన క్రమమునకు లోబడనందున 1662లో వెళ్లగొట్టబడెను. తరువాత తండ్రి ఆస్తి చూచుకొనుటకు ఐర్లాండు వెళ్లి, 1667లో అక్కడ థామస్ లో అను క్వేకరు బోధకుని ప్రసంగము విని, ఆ సమాజములో చేరెను.

క్వేకరులనగా ఎవరు? జార్జి ఫాక్స్ బోధవలన లేచిన స్నేహితుల సమాజమువారు. వీరు మౌనముగా కూర్చుండి పరిశుద్ధాత్మ నడిపింపు కొరకు కనిపెట్టుదురు. ఖడ్గము పట్టరు. న్యాయస్థానములోనైనను ఒట్టు పెట్టుకొనరు. మనుష్యుల యెదుట టోపీ తీయరు. ఇందుచేత ఆ కాలమున వారు వేలకొలదిగా చెరసాల పాలైరి.

పెన్ కూడ పలుమారులు చెరలో ఉండెను. తాను వ్రాసిన ఒక పుస్తకము నిమిత్తము 1668లో లండను కోటలో బంధింపబడి, సుమారు ఎనిమిది నెలలు అక్కడ గడిపెను. ఆ చెరలోనే, సిలువ లేనిదే కిరీటము లేదను పేరుగల తన ప్రసిద్ధ గ్రంథమును వ్రాసెను. పౌలు చెరనుండి పత్రికలు వ్రాసినట్టు, ఇతనికిని చెరయే ప్రసంగపీఠమాయెను.

1670లో వీధిలో ప్రసంగించినందుకు పెన్‌ను, విలియమ్ మీడ్‌ను న్యాయస్థానమునకు తెచ్చిరి. వారి తలలమీద టోపీలు పెట్టించి, టోపీలు తీయలేదని న్యాయాధిపతులే జుల్మానా వేసిరి! తీర్పు చెప్పవలసిన పన్నెండుమంది జూరీ సభ్యులు మాత్రము వారిని నేరస్థులనలేదు. వారిని అన్నపానములు లేకుండ గదిలో మూసిరి. అయినను వారు మాట మార్చలేదు. చివరకు వారిని కూడ చెరలో వేసిరి. వారిలో ఎడ్వర్డ్ బుషెల్ అను నతడు మొరపెట్టుకొనగా, తీర్పు చెప్పిన జూరీని శిక్షింపరాదని పై న్యాయస్థానము తేల్చెను. ఆ ఏటనే పెన్ మనస్సాక్షి స్వాతంత్ర్యమును గూర్చి మరియొక గ్రంథము వ్రాసెను.

రాజైన రెండవ చార్లెస్ పెన్ తండ్రికి 16,000 పౌనులు బాకీపడి యుండెను. ఆ అప్పుకు బదులుగా 1681 మార్చి 4న అమెరికాలో విస్తారమైన భూమిని కుమారునికి వ్రాసి ఇచ్చి, అతని తండ్రి పేరున పెన్సిల్వేనియా అని పిలిచెను. రాజపత్రము చేతికి వచ్చినను, ఆ నేల లెనాపె అను ఆదివాసులదని పెన్ ఎరుగును. గనుక వారికి వెల ఇచ్చి భూములు కొనెను. తెల్లవారికిని వారికిని తగవు వచ్చినయెడల, ఈ వైపు ఆరుగురు, ఆ వైపు ఆరుగురు కూర్చుండి తీర్చవలెనని నియమించెను. ఇది నిజమైన పంచాయతి కాదా?

1682లో పెన్ ఓడయెక్కి వెళ్లెను. త్రోవలో మశూచి తగిలి ప్రయాణికులలో ముప్పదిమంది వరకు మరణించిరి. ఆ దేశములో అతడు కట్టించిన పట్టణము పేరు ఫిలదెల్ఫియ. ప్రకటన గ్రంథము చదువువారికి ఇది తెలిసిన పేరే. సహోదర ప్రేమ అని దాని అర్థము. మన ఊరికి కొండమీది కోటను బట్టి ఖిల్లా అను పేరు వచ్చెను. పెన్ పట్టణమునకు కోట లేదు, ప్రాకారము లేదు. న్యాయమే దాని ప్రాకారము. 1755 వరకు, డెబ్బది ఏండ్లకు పైగా, అక్కడ ఆదివాసులతో యుద్ధము రాలేదు.

హింసింపబడిన అనేకులు అక్కడ ఆశ్రయము పొందిరి. 1683లో జర్మనీ దేశపు క్రేఫెల్డునుండి 13 కుటుంబములవారు వచ్చిరి. వారు క్వేకరులును మెన్నోనైటులును. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో సేవచేసిన మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీల పూర్వికులు వేరొక త్రోవన, రష్యా మీదుగా అమెరికా చేరిరి. అయినను ఒట్టును గూర్చియు ఖడ్గమును గూర్చియు ఈ రెండు సమాజముల బోధ ఒకటియే.

అయితే భక్తుల లోపములను బైబిలు దాచదు, మనమును దాచరాదు. అందరి మనస్సాక్షి స్వాతంత్ర్యము కొరకు పోరాడిన పెన్ ఇంటిలో నీగ్రో బానిసలుండిరి. 1688లో, అతని రాష్ట్రములోనే, జర్మన్‌టౌన్ కాపురస్థులు నలుగురు బానిసత్వము తప్పని వ్రాసి తమ సంఘమునకు పంపిరి. పెద్దలు దానిని ప్రక్కన పెట్టిరి. క్వేకరులు తమలో బానిసలను ఉంచుకొనరాదని ఫిలదెల్ఫియలో తీర్మానించుటకు 1776 వరకు పట్టెను. గొప్పవాడు చూడని పాపమును సామాన్యులు చూచిరి.

1693లో పెన్ ఐరోపా రాజులు యుద్ధము మాని, ఒక సభగా కూడి తగవులు తీర్చుకొనవలెనని ఒక పుస్తకము వ్రాసెను. 1701లో తన ప్రజలకు స్వేచ్ఛలను స్థిరపరచు శాసనమిచ్చెను. కాని అతని అంత్యదినములు దుఃఖకరమైనవి. నమ్మిన గుమాస్తా పెట్టిన కాగితములమీద సరిగా చదువక సంతకములు చేసి, అప్పులపాలై, 1708లో బాకీదారుల చెరలో కొన్ని నెలలుండెను. 1712లో పక్షవాతము తగిలెను. భార్య హన్నా రాష్ట్ర వ్యవహారములు నడిపెను. 1718 జులై 30న అతడు ప్రభువునందు నిద్రించెను.

తరువాత జరిగినది వినుడి. 1737లో అతని కుమారులు పాత పత్రమొకటి చూపి, ఒకటిన్నర దినములో మనిషి నడచినంత భూమి తమదనిరి. లెనాపెలు మామూలు నడక అనుకొనిరి. వీరు ముందుగా బాట చదును చేయించి, బలమైన పరుగుగాండ్రను కూలికి పెట్టి, వేయి చదరపు మైళ్లకు పైగా ఆక్రమించిరి. కాగితము ప్రకారము చెల్లునేమో. దేవుని యెదుట చెల్లునా? పెన్ కట్టిన నమ్మకము అతని పిల్లల చేతిలోనే కూలెను. 1755లో యుద్ధము వచ్చినప్పుడు లెనాపెలు ఆ నడకను మరువలేదు.

ప్రియులారా, మన గట్టు ఎక్కడ వేసితిమి? చదువు రాని పొరుగువానితో ఏ కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొంటిమి? మన పిల్లలకు పొలము పంచి ఇచ్చుచున్నాము. దానితోకూడ మాట నిలుపుకొను భయమును ఇచ్చుచున్నామా?

ప్రార్థన: సత్యస్వరూపివైన ప్రభువా, మా అవును అవునుగాను, మా కాదు కాదుగాను ఉండునట్లు కృప దయచేయుము. మేము చూడని మా పాపమును మాకు చూపుము. ఆమేన్.