సవర మాట విన్న గిడుగువారు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే వాడుక భాషా ఉద్యమం జ్ఞాపకం వస్తుంది. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. కాని ఒడిశాలో స్థిరపడిన మనము వారిని సవర భాషకు చేసిన సేవకు కూడా తలచుకోవాలి.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషను ప్యాసై, 1880లో 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. పై పరీక్షలు ఉద్యోగం చేస్తూనే చదివి ప్యాసయ్యారు. మెట్రిక్యులేషనుతోనే కొలువులో కుదురుకొన్న నాబోటి రైల్వే గుమాస్తాకు ఈ సంగతి ఎంతో ధైర్యమిస్తుంది.

పర్లాకిమిడి మూడు భాషల కూడలి. ఊళ్లో తెలుగు, ఒడియా. చుట్టూ కొండల్లో సవర. తెలుగు ద్రావిడ కుటుంబానిది, ఒడియా ఆర్య కుటుంబానిది, సవర ముండా శాఖకు చెందినది. తరతరాల ఇరుగుపొరుగు వల్ల సవరలో తెలుగు మాటలు, ఒడియా మాటలు కలిశాయి. క్రియ మన భాషలో వలెనే వాక్యం చివర వస్తుంది. అయినా దాని పలుకు దానిదే. గొంతులో గాలిని క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని ఒకటి అందులో ఉన్నది. దానికి మన అక్షరమాలలో అక్షరమే లేదు. కర్మను క్రియలోనే ఇమిడ్చి, రెండు మాటలను ఒక్క మాటగా చెప్పడమూ అందులో ఉన్నది.

పంతులుగారు తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లో ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. కొండలు, అడవులు తిరిగారు. సవర పిల్లలకు పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టి, వారి మాటలోనే చదువు చెప్పించారు. ఆ తిరుగుళ్లలో విషజ్వరం పట్టుకొన్నది. అందుకు వాడిన క్వినైను వల్ల జన్మాంతం చెముడు మిగిలింది. భాషాధ్వనులను చెవితో పట్టి వ్రాసుకొనే వారికి ఇంతకంటె కష్టమేమున్నది? అయినా పని మానలేదు. వారి సవర వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు కోశం 1938లోను అచ్చయ్యాయి.

ఇంట్లో, వీధిలో వినబడే మాటే సజీవ భాష అని వారి నమ్మకం. తెలుగు చదువులో వాడుక భాషకు చోటు కావాలని పోరాడినదీ ఆ నమ్మకంతోనే.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరిని డెబ్బై దాటిన వయసులో విడిచి రాజమండ్రి చేరారు. 1940లో కీర్తిశేషులైనారు.

వారు విడిచి వెళ్లిన రాష్ట్రంలోనే మనము స్థిరపడ్డాము. మన పిల్లలు బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. రెండూ కలిస్తే కొందరు పెద్దలు నవ్వుతున్నారు. నవ్వవద్దు. ఇరుగుపొరుగున ఉన్న భాషలు కలవడం సహజమే. ఇంటి మాట మానివేస్తేనే నష్టం. ఈ ఉగాదినుండి పిల్లలతో రోజూ తెలుగులో మాట్లాడుదాము. పొరుగువారి మాటను కూడా గౌరవంతో విందాము.